గుడ్లగూబ తీసిన గెలాక్సీ

ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ రేచీకటి. పొద్దుగూకితే చాలు, గోడకీ మనిషికీ తేడా తెలిసేది కాదు. చిన్నప్పుడు ఒక సాయంత్రం సైన్సు మాస్టారు పిల్లలందరినీ బడి ఆవరణలో నిలబెట్టి ఆకాశంలో చుక్కలు చూపించారు. అందరూ వేళ్ళు చాపి అదిగో ఇదిగో అంటుంటే ఆమె ఒక్కతే, "ఏమీ లేదు మాస్టారూ, నల్లగా ఉంది" అంది. మాస్టారు మళ్ళీ చూడమన్నారు. మళ్ళీ చూసి మళ్ళీ అదే మాట అంది. పక్కనున్న పిల్ల డొక్కలో పొడిచి, "కనపడుతున్నాయని చెప్పవే, ఓ పనైపోతుంది" అని గుసగుసలాడింది.

"కనపడందే ఎలా చెప్పను?" అని ఆమె పైకే అడిగింది.

మొండిఘటం అని మాస్టారు మిగతా పిల్లల్ని ఇళ్ళకు పంపేసి, ఆమెను మాత్రం అక్కడే నిలబెట్టారు. మర్నాటి నుంచి బళ్ళో ఆమె పేరు గుడ్లగూబ. రాత్రి కళ్ళు కనపడని గుడ్లగూబ అని వేళాకోళం. ఆ పేరు ఆమెతో పాటే పెరిగి, ఆమెతో పాటే అత్తారింటికి వచ్చింది. పెళ్ళిలో తమ్ముడు నోరు జారితే పెళ్ళికొడుకు విని పట్టేసుకున్నాడు.

ఆ పెళ్ళికొడుక్కి ఒక బేకరీ ఉంది. కోడికంటే ముందు లేచి పొయ్యి వెలిగిస్తాడు, రాత్రి ఎనిమిదింటికల్లా గురక పెడతాడు. ఆమె ఒక క్లినిక్కులో ఫిజియోథెరపిస్టు. పట్టేసిన భుజాలు, వంగని మోకాళ్ళు, పక్షవాతంతో చచ్చుపడ్డ చేతులు ఆమె దగ్గరికి వస్తాయి. వీధిలో అందరూ కీళ్ళ డాక్టరమ్మ అంటారు. నేను డాక్టర్ని కాదు మొర్రో అన్నా ఎవరూ వినరు. ఇంట్లో మూడో మనిషి అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

క్లినిక్కుకి భుజం పట్టేసిన పెద్దాయన ఒకాయన వచ్చేవాడు. గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. ఆమె చెయ్యి పైకెత్తిస్తుంటే నొప్పి మర్చిపోవడానికి ల్యాప్‌టాప్ తెరిచి ముందు పెట్టుకునేవాడు. ఒకరోజు దాని తెర మీద నీలంగా, మెలి తిరిగిన ఒక సుడి కనపడింది. సుడి చివర వేలాడుతున్నట్టు ఇంకో చిన్న వెలుగు ముద్ద ఉంది.

"ఏం బొమ్మండీ ఇది?" అని ఆమె అడిగింది.

"బొమ్మ కాదమ్మా, ఫోటో. మా డాబా మీద నుంచి నేనే తీశాను. దీన్ని సుడిగుండం గెలాక్సీ అంటారు. మన సూర్యుడి లాంటివి కోట్లకి కోట్లు ఉంటాయి అందులో. ఆ పక్కనున్న చిన్న గెలాక్సీ దాన్ని రాసుకుంటూ పోయింది."

"మా డాబా మీద కూడా ఉంటుందా?"

"మీ డాబా మీదా ఉంటుంది, మంత్రిగారి మేడ మీదా ఉంటుంది. ఎవరికీ కనపడదు. ఉత్త కంటితో చూస్తే దాని ముందు మనమందరం రేచీకటి వాళ్ళమే."

ఆమె చేతిలో ఆయన మోచెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయనకి ఆమె సంగతి తెలియదు. ఏదో మాటవరసకి అన్నాడు. కానీ ఆమె ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆ మాట పదిసార్లు లోపల తిప్పుకుంది. మాస్టారూ, డొక్కలో పొడిచిన పిల్లా, వేళ్ళు చాపిన క్లాసంతా కూడా దాని ముందు రేచీకటి వాళ్ళే. చూసేది కెమెరా. ఆ తర్వాత తెర మీద, వెలుతురులో, కూర్చుని తీరిగ్గా చూడొచ్చు. వెలుతురులో ఆమె కళ్ళకి ఏ ఢోకా లేదు.

కొన్నాళ్ళకి పెద్దాయన ఇల్లు మారాడు. కొత్త ఇల్లు కింది అంతస్తు, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. భుజం నయమైనా టెలిస్కోపుకి ఆకాశం లేదు. "మంచం కింద పడి ఉంది. తీసుకెళ్ళమ్మా, దానికి పని కల్పించు" అన్నాడు. లావుపాటి తెల్ల గొట్టం, అడుగున పళ్ళెమంత అద్దం, దాన్ని మోసే ఇనుప యంత్రం, ఒక కెమెరా అన్నీ బేకరీ వ్యానులోనే ఇంటికి వచ్చాయి.

సంగతి విని మొగుడు పిండి కలుపుతున్నవాడు కలుపుతున్నట్టే నవ్వాడు. నెత్తి మీది పిండి రాలిపడేదాకా నవ్వాడు.

"రేచీకటి మనిషివి, నువ్వు చుక్కల ఫోటోలు తీస్తావా?"

"మీరు తీపి తినరు. కేకులు చెయ్యడం లేదూ?" అంది ఆమె.

అతను నవ్వు ఆపి మళ్ళీ పిండిలో చేతులు పెట్టాడు. ఆదివారం డాబా మధ్య సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద యంత్రాన్ని కదలకుండా బిగించి పెట్టాడు.

ఆమె పద్ధతి వేరు. చీకటి పడ్డాక చేసుకోవలసిన పనులన్నీ పగలే ముగించేది. క్లినిక్కు నుంచి రాగానే డాబా ఎక్కి, టెలిస్కోపు మీది పరదా తీసి, గొట్టం బిగించి, అద్దాలు సరిచూసి, తీగలు తగిలించి, పొద్దు వాలేలోగా కిందికి దిగిపోయేది. తీగ ఒకటి డాబా మీంచి ఆమె గదిలోని కంప్యూటరుకు దిగుతుంది. గదిలో లైటు వేసుకుని, చెప్పులు విప్పుకుని, అక్కడి నుంచే యంత్రాన్ని తిప్పుతుంది. పైన కెమెరా రెండేసి నిమిషాల ఫోటోలు తీసుకుంటూ పోతుంది. వీధి దీపాల వెలుగులో ఒక్క ఫోటోలో ఏమీ తెలియదు. వందల కొద్దీ తీసి ఒకదాని మీద ఒకటి పరిస్తే, నిలకడగా ఉన్నది నిలబడుతుంది, ఇసక చల్లినట్టు పడే ఉత్త గరుకు చెదిరిపోతుంది. తెల్లవారుజామున బేకరీకి బయలుదేరే ముందు మొగుడు డాబా ఎక్కి పరదా కప్పి పోయేవాడు.

మొదట తీసినవన్నీ పాడైపోయాయి. చుక్కలు వానపాముల్లా సాగాయి. ఒకసారి అన్ని ఫోటోల్లోనూ మధ్యలో చిల్లున్న గుండ్రటి బన్నుల్లాంటి మచ్చలు పడ్డాయి. అద్దాల దగ్గర ధూళి ఉంటే అలా పడతాయని గడియారాల పెద్దాయన ఫోనులో చెప్పాడు.

"ఏ ధూళి?" అని మొగుడు అడిగాడు.

"ఇంకేం ధూళి? మీ మైదా."

ఆ రోజు నుంచి అతను డాబా ఎక్కే ముందు మోచేతుల దాకా కడుక్కునేవాడు. ధూళి మచ్చల్ని తీసేయడానికి ఒక ఉపాయం ఉంది. పొద్దు వాలేటప్పుడో వేకువనో గొట్టం మూతికి తెల్లగుడ్డ బిగించి ఫోటో తీస్తే, మచ్చలు ఎక్కడున్నాయో ఆ ఫోటో చెబుతుంది. తర్వాత వాటిని అసలు ఫోటోల్లోంచి తీసేయొచ్చు. ఆ పని కోసం అతను కొత్త తెల్లటి పంచె ఒకటి చింపి ఇచ్చాడు. అత్తగారు అది చూసి, "ఇంకా నయం, ఇల్లు చింపి ఇవ్వలేదు" అంది.

రెండేళ్ళలో ఆమె చెయ్యి తిరిగింది. సుడిగుండం గెలాక్సీ ఆమెకు సుడులు సుడులుగా, గులాబీ రంగు చుక్కలతో సహా వచ్చింది. ఇక ఆమెకు ఒకటే పట్టుదల. ఆ రెండు గెలాక్సీలు రాసుకున్నప్పుడు చెదిరిపోయిన చుక్కలు వాటి చుట్టూ పలచటి పైటలా పరుచుకుని ఉంటాయట. అది రావాలంటే చీకటి ఆకాశం కావాలి. ఊరి వెలుగులో పైట పైటలా రాదు, మసకగా వస్తుంది.

చీకటి ఆకాశం ఊరికి దూరంగా ఉన్న కొండ మీద దొరుకుతుంది. ఏటా ఒక అమావాస్యకి ఊళ్ళోని ఖగోళ సంఘం వాళ్ళు అక్కడికి టెలిస్కోపులు పట్టుకెళ్తారు. ఆమె సంఘంలో చేరి, సమావేశానికి తన ఫోటో తీసుకెళ్ళింది. అధ్యక్షుడు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఫోటోని కళ్ళద్దాలకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బాగా తీశారమ్మా" అని మనస్ఫూర్తిగానే అన్నాడు. పక్కనున్న ఒకాయన, "మొదటిసారి కంటితో చూసినప్పుడు ఎలా అనిపించింది?" అని అడిగాడు.

"కంటితో ఎప్పుడూ చూడలేదండీ. నాకు రేచీకటి. ఒక్క చుక్క కూడా చూడలేదు ఇంతవరకూ."

గదిలో కుర్చీలు కిరకిరలాడాయి. ఎవరో చిన్నగా, "అయితే తీసింది కంప్యూటరన్నమాట" అన్నారు.

"కంప్యూటరు దానంతట అది డాబా ఎక్కలేదండీ" అంది ఆమె.

సమావేశం అయ్యాక అధ్యక్షుడు ఆమెను పక్కకి పిలిచాడు. "ఏమనుకోవద్దు. కొండ మీదకి మాత్రం మిమ్మల్ని తీసుకెళ్ళలేం. అక్కడ టార్చి వెయ్యకూడదు. అడుగడుక్కీ తీగలు, స్టాండులు. మీరు పడినా ప్రమాదమే, మీరు ఎవరి టెలిస్కోపు మీదైనా పడినా ప్రమాదమే. మీ మంచికే చెబుతున్నా."

మంచికే అన్న మాట ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే. ఫోటో సంచీలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

అదే నెలలో కంటి డాక్టరు దగ్గరికి ఏడాదికోసారి వెళ్ళే పరీక్షకి వెళ్ళింది. తెర మీద వెలుగు చుక్కలు మెరిసినప్పుడల్లా మీట నొక్కాలి. ఈసారి అంచుల్లో చాలా మెరుపులు ఆమె నొక్కకుండానే దాటిపోయాయి. డాక్టరు కాగితం చూసి, పక్క చూపు తగ్గుతోందని, ఇకముందు గొట్టంలోంచి చూసినట్టు ఉండొచ్చని చెప్పాడు. మందు లేదన్నాడు. మెట్లు, మేడలు, చీకటి జాగ్రత్త అన్నాడు.

"గొట్టంలోంచి చూడటం నాకు అలవాటేలెండి" అందామె నవ్వుతూ. కూడా వచ్చిన మొగుడు నవ్వలేదు. దారి పొడుగునా ఆమె చెయ్యి పట్టుకునే నడిచాడు, పట్టపగలే.

తర్వాతి వారమే ఆమె పడింది.

ఆ సాయంత్రం ఆకాశం అద్దంలా ఉందని టెలిస్కోపు నడిపిస్తోంది. అప్పుడే చీకటి పడింది, మొగుడు అప్పుడే పడుకున్నాడు. ఉన్నట్టుండి కిటికీ రేకు మీద టపటపమని చినుకులు. ఆమె పరుగెత్తింది. మెట్లు ఆమె కాళ్ళకి కంఠస్థం, గోడ పట్టుకుంటే చాలు. అయితే ఆ సాయంత్రం ఆమె డాబా దిగి వచ్చాక అత్తగారు మోకాళ్ళకి నీరెండ తగలాలని మెట్ల మలుపులో కుర్చీ వేసుకుని కూర్చుంది, లేచి వస్తూ కుర్చీ అక్కడే మర్చిపోయింది. ఆమె కుర్చీకి తగిలి పడి, నాలుగు మెట్లు జారింది. కుడి చెయ్యి కింద పడి పుటుక్కుమంది. తన చేతిలో ఏ ఎముక విరిగిందో ఆమెకు అక్కడే తెలిసింది, అది రోజూ చూసే పనేగా.

చప్పుడుకి నిద్ర లేచిన మొగుడు ఇల్లంతా వెతికి డాబా మీదకి వచ్చేసరికి, ఆమె టెలిస్కోపు పక్కన వానలో కూర్చుని ఉంది. పరదా కప్పేసి ఉంది. ఎడం చేత్తో, పళ్ళతో ముడి కూడా వేసింది. కుడి చెయ్యి ఒళ్ళో వేలాడుతోంది.

"ముందు ఆ ప్లగ్గు తీసేయండి" అంది అతనితో.

చేతికి పిండికట్టు వేశారు. రెండు రోజులు నొప్పి మాత్రల మత్తులో పడుకుంది. మూడోరోజు పొద్దున్న ఎండలో డాబా ఎక్కితే సిమెంటు దిమ్మె బోడిగా ఉంది. గొట్టం లేదు, యంత్రం లేదు, నాలుగు బోల్టులు మాత్రం నూనె రాసి దిమ్మె మీద పెట్టి ఉన్నాయి. అలా నూనె రాసి పెట్టే మనిషి ఇంట్లో ఒక్కడే.

ఆమె చెప్పులేసుకుని నేరుగా బేకరీకి వెళ్ళింది. వెనక గదిలో అతను పిండి ముద్దని బల్ల మీద ఎత్తి కొడుతున్నాడు.

"టెలిస్కోపు ఏదండీ?"

"భద్రంగా ఉంది."

"ఎక్కడ?"

"నీ చెయ్యి నయం కానీ. తర్వాత మాట్లాడుకుందాం."

"నా చేతి సంగతి నాకు తెలుసు. ఎక్కడుంది?"

అతను పిండి వదిలి బల్లకి ఆనుకున్నాడు. "నువ్వు పడ్డావు. నువ్వు పడ్డ చప్పుడు నువ్వు వినలేదు, నేను విన్నాను. ఇదిగో, ఈ పిండి బల్ల మీద కొట్టినప్పుడల్లా అదే చప్పుడు. రోజుకి ఎన్నిసార్లు కొడతానో తెలుసా? ఈసారి చెయ్యి. ఇంకోసారి తల. అప్పుడు నేనేం చెయ్యాలి?"

ఆమె అతని మొహంలోకి చూసింది. అతని కళ్ళ కింద నల్లగా ఉంది. నిద్ర లేనట్టుంది. జాలేసింది. జాలేసినంత మాత్రాన ఊరుకోవడానికి రాలేదు.

"ఆ చేతులు ఇలా చూపించండి" అంది.

అతనికి అర్థం కాలేదు. ఆమే అతని ముంజెయ్యి పట్టుకుని వెలుగులోకి తిప్పింది. మణికట్టు నుంచి మోచేతి దాకా పొయ్యి అంచు తగిలి కాలిన మచ్చలు, పాతవి తెల్లగా, కొత్తవి ఎర్రగా.

"వీటికి మందు రాసింది నేనే. కాలినప్పుడల్లా పొయ్యి పీక్కెళ్ళి ఎవరింట్లోనైనా దాచానా?"

"పొయ్యి మన తిండి."

"టెలిస్కోపు నాది. మన తిండి కాదు, మన సరదా కాదు, నాది. నా కళ్ళు పోతాయని మీకు భయం. నాకూ భయమే. రాత్రి పడుకుంటే అదే ఆలోచన. అయితే పోయేదాకా అవి నా కళ్ళు. వాటితో ఏం చూడాలో నేను చెబుతాను, డాక్టరు కాదు, మీరు కాదు."

అతను తల వంచుకుని మళ్ళీ పిండి అందుకున్నాడు. కొట్టలేదు, ఊరికే నొక్కుతూ నిలబడ్డాడు. ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. ముందు కౌంటరు దగ్గర బ్రెడ్డు కోసం వచ్చినవాళ్ళు ఈ మాటలన్నీ విని, తమకేమీ వినపడనట్టు బిస్కెట్ల సీసాల వైపు చూస్తున్నారు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో ఉత్త గిన్నె ఒకటి తోముతోంది. కుర్చీ సంగతి తెలిసినప్పటి నుంచీ ఆవిడ నోరు మూగబోయింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమి, వెనక్కి తిరగకుండా అంది, "ఆ సంఘం పెద్దమనిషి లేడూ, ఆయన ఇంట్లో ఉంది. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

ఆమె బస్సెక్కింది. కట్టు చేతిని చూసి ఎవరో లేచి సీటిచ్చారు. అధ్యక్షుడి ఇంటి తలుపు ఆయన భార్య తీసింది. లోపల హాల్లో టెలిస్కోపు పూర్తిగా బిగించి, కిటికీ వైపు తిప్పి నిలబెట్టి ఉంది. పక్కనే స్టూలు, స్టూలు మీద కాఫీ కప్పు. అధ్యక్షుడు దొంగతనంగా జీడిపప్పు తింటూ పట్టుబడ్డ పిల్లాడిలా లేచాడు.

"మీ ఆయనే తెచ్చి ఇచ్చారమ్మా. దాచమన్నారు. దుమ్ము పడుతుందేమోనని..."

"దుమ్ము పడకుండా చూస్తున్నారన్నమాట."

"అద్దం చాలా మంచిది" అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు. "అయినా అమ్మా, మీ ఆయన మీ క్షేమం కోరి చేశారు. దానికి మీరు నొచ్చుకోకూడదు."

"సార్, మీకు షుగరుందని విన్నాను. మీ ఆవిడ మీ క్షేమం కోరి మీ నాలుక కోసి పక్కింట్లో దాచిపెడితే నొచ్చుకోరా?"

తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత అడ్డం తీసేసి బాహాటంగానే నవ్వింది. "ఇచ్చేయండి" అంది భర్తతో. "రెండ్రోజులుగా పిలిస్తే పలకడం లేదమ్మా, ఆ గొట్టంలో తల పెట్టి."

ఆయన తనే వంగి గొట్టం ఊడదీశాడు. ఊడదీస్తూ, "కొండ సంగతి మాత్రం..." అని మొదలుపెట్టాడు.

"కొండ సంఘానిదా సార్?"

"కాదనుకోండి. అందరిదీ."

"నేనూ అందరిలో ఒకదాన్నే."

గొట్టం ఆయన మోశాడు, బరువైన యంత్రం ఒక కొస ఆయన భార్య, ఒక కొస ఆమె ఎడం చెయ్యి. వీధి గుమ్మం తీసేసరికి ఎదురుగా బేకరీ వ్యాను ఆగి ఉంది. మొగుడు వెనక తలుపు తెరిచి, బ్రెడ్డు ట్రేలు ఒక పక్కకి నెట్టి చోటు చేస్తున్నాడు. చొక్కా నిండా పిండి. చేతులు మాత్రం మోచేతుల దాకా కడిగి ఉన్నాయి.

"ఇక్కడికొచ్చానని మీకెవరు చెప్పారు?"

"అమ్మ ఫోను చేసింది. తను చెప్పానని చెప్పొద్దంది."

మలుపు దగ్గర వ్యాను నెమ్మది చేసి అతను అన్నాడు, "ఒక షరతు."

"షరతులు వద్దు. సాయమైతే చెప్పండి, తీసుకుంటాను."

అతను కొంచెం ఆలోచించాడు. "సరే, సాయమే. మెట్లకి ఇనుప కమ్మీ వేయిస్తాను. మెట్ల మీద ఎవరూ ఏదీ పెట్టకూడదు, అమ్మతో సహా. వానొస్తే నన్ను లేపు. నిద్ర చెడిపోతుందని చూడకు."

"లేపుతాను" అంది ఆమె. "ఇంకో సాయం. అమావాస్యకి బేకరీ మూసెయ్యాలి."

అమావాస్యనాటికి చేతి కట్టు ఇంకా విప్పలేదు. మధ్యాహ్నానికే వాళ్ళిద్దరూ కొండ మీద ఉన్నారు. పైన చదునుగా గడ్డి నేల, ఓ పక్క బండరాళ్ళు. వ్యానుని బండల చాటున ఆపి, ఎవరికీ అడ్డం లేని చోటు చూసుకుని టెలిస్కోపు నిలబెట్టారు. ఆమె నోటితో చెబితే అతను చేత్తో బిగించాడు. వ్యాను తలుపు నుంచి టెలిస్కోపు దాకా నడుం ఎత్తున తాడు కట్టారు. అది పట్టుకుంటే వెళ్ళడానికీ రావడానికీ కళ్ళతో పనిలేదు. వ్యాను లోపలి వెలుగు బయటికి పొక్కకుండా మైదా బస్తాలు విప్పి కుట్టిన తెర వేలాడదీశారు.

పొద్దు వాలుతుండగా సంఘం వాళ్ళ కార్లు ఎక్కి వచ్చాయి. ఆమెను చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అధ్యక్షుడు దగ్గరికి వచ్చి తాడు చూశాడు, తెర చూశాడు, అటూ ఇటూ నడిచి ఏదైనా లోపం దొరుకుతుందేమోనని చూశాడు.

"ఇక్కడే ఉంటారా రాత్రంతా?"

"ఇక్కడే."

"చీకటి పడ్డాక ఇటు తిరగరు కదా?"

"నా పని ఈ తాడు వరకే సార్. మీ వాళ్ళు ఎవరైనా నా తాడుకి తగులుకోకుండా మీరు చూసుకోండి."

ఆయన తల పంకించి వెళ్ళిపోయాడు. చీకటి పడింది. ఆమె తెర వెనక ట్రేల మధ్య స్టూలు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. మొదటి ఫోటో రాగానే స్టూలు ముందుకు జరుపుకుంది. ఊళ్ళో వందల ఫోటోలు పరిస్తే వచ్చేది, ఇక్కడ ఒక్కదాంట్లోనే సుడులతో సహా పడింది. బయట ఎవరో కారు తలుపు తెరిస్తే లోపలి లైటు వెలిగింది కాబోలు, నాలుగు వైపుల నుంచీ తిట్లు వినపడ్డాయి. మొగుడు బయట గడ్డి మీద దుప్పటి పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఎనిమిదింటికి గురక పెట్టే మనిషి ఆ రాత్రి కన్ను వేయలేదు.

"ఎలా ఉందండీ పైన?" అని ఆమె తెర లోపలి నుంచి అడిగింది.

"పిండి జల్లెడ పట్టినట్టుంది" అన్నాడతను.

ఆమె మళ్ళీ కంప్యూటరు వైపు తిరిగింది. చూడలేకపోతున్నానని బాధ పడలేదని కాదు. పడింది. కానీ ఆ పడుకున్నవాడికి కనపడనిది, ఆ కొండ మీద ఏ కంటికీ కనపడనిది తన ముందు కంప్యూటరు తెర మీద ఉంది. బాధ పడుతూనే తర్వాతి ఫోటో వచ్చిందో లేదో చూసుకుంది.

వేకువ కాగానే అతను పంచె గుడ్డని గొట్టం మూతికి బిగించాడు. ఆమె మచ్చల ఫోటోలు తీసేసి, అప్పటికప్పుడు రాత్రివన్నీ ఒకదాని మీద ఒకటి పరిచింది. సుడిగుండం చుట్టూ, చిన్న గెలాక్సీని చుట్టుకుని పైకి లేస్తూ, ఊదితే పోయేటంత పలచగా పైట వచ్చింది. ఆమె వేలితో తెర తాకకుండా దాని అంచు వెంబడి గాల్లో గీత గీసింది. మొగుడు ఆమె భుజం మీదుగా వంగి, "ఇదేనా? దీని కోసమేనా?" అన్నాడు.

"దీని కోసమే."

"బాగుంది" అన్నాడు. ఇంకో మాట కోసం వెతికి, దొరక్క, వెళ్ళి తెచ్చిన బన్నులన్నీ కొండ మీద అందరికీ పంచాడు.

బన్ను చేత్తో పట్టుకుని అధ్యక్షుడు వ్యాను దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఈ సంఘంలో ఈ పైట ఎవరూ తీయలేదన్నాడు. వచ్చే నెల ప్రదర్శనలో ద్వారం ఎదురుగా పెడదామన్నాడు. ఆయనకి ఉత్సాహం ముంచుకొచ్చింది.

"కింద పెద్ద అక్షరాలతో రాద్దామమ్మా. చుక్క కూడా చూడలేని మహిళ సాధించిన అద్భుతం అని. జనం కదిలిపోతారు."

"అది రాయకండి సార్."

"ఎందుకమ్మా? సిగ్గుపడాల్సిన విషయం కాదే."

"సిగ్గు కాదు. ఏ టెలిస్కోపో రాయండి, ఎన్ని గంటలు తీశానో రాయండి, నా పేరు రాయండి. మిగతా వాళ్ళ ఫోటోల కింద వాళ్ళ జబ్బులు రాస్తున్నారా?"

"అది వేరు. మీ కథ విని పదిమంది స్ఫూర్తి పొందుతారు."

"ఫోటో చూడమనండి సార్. నన్ను చూడమనకండి."

ఆయన నెలంతా ఫోన్లు చేసి నచ్చజెప్పాడు. కమిటీ కూర్చుని, ఒక చిన్న వాక్యమైనా ఉండాలని తీర్మానించింది. ఆమె ఫోటో వెనక్కి తెచ్చేసుకుంది. ప్రదర్శన ద్వారం ఎదురుగా చంద్రుడి ఫోటో పెట్టారు. అధ్యక్షుడి భార్య మాత్రం ఒకరోజు ఆటోలో ఇంటికి వచ్చి, ఆ ఫోటో ప్రతి ఒకటి అడిగి తీసుకెళ్ళి, వాళ్ళ హాల్లో టెలిస్కోపు నిలబెట్టిన చోట గోడకి తగిలించింది. అధ్యక్షుడు వద్దనలేదట.

ఏడాది తిరిగి మళ్ళీ కంటి పరీక్ష వచ్చింది. మెరుపులు మరికొన్ని దాటిపోయాయి. డాక్టరు కాగితం మడిచి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మెట్ల సంగతి అడిగాడు.

"ఎక్కుతున్నానండీ. కమ్మీ వేయించాం."

"చీకట్లో కూడానా?"

"అవసరమైతే చీకట్లో కూడా."

"నేను చెప్పింది గుర్తుందా?"

"గుర్తుంది. మీరు జాగ్రత్త అన్నారు, మానెయ్యమనలేదు."

"ఇప్పుడు మానెయ్యమంటే?"

ఆమె సంచీ భుజానికి తగిలించుకుని లేచింది. మొగుడు కూడా లేచాడు. ఈసారి ఆమె చెయ్యి పట్టుకోలేదు, పక్కన నిలబడ్డాడంతే.

"అప్పుడు వేరే డాక్టర్ని చూసుకుంటాను" అంది ఆమె. "గెలాక్సీలు ఇంకా చాలా ఉన్నాయండీ."